కడుపులో బిడ్డకూ రాత్రి కావాలి

గ్రహణం పూట కడుపుతో ఉన్న కోడలిని గదిలోంచి కదలనివ్వరు, కత్తిపీట ముట్టనివ్వరు. గ్రహణంతో బిడ్డకు ఏమీ కాదని డాక్టర్లు ఎంత చెప్పినా ఆ భయం పోదు. అదే కోడలు వారం డే డ్యూటీ, వారం నైట్ డ్యూటీ చేస్తుంటే ఉద్యోగమన్నాక తప్పదుగా అని సర్దుకుపోతారు. నిజానికి పట్టించుకోవలసింది ఈ రెండోదాన్నే.

రాత్రయిందని ఒంటికి తెలిపే హార్మోను మెలటోనిన్. కడుపులో బిడ్డకు అది సొంతంగా తయారుకాదు. చీకటి పడ్డాక తల్లి ఒంట్లో ఊరే ఆ హార్మోనే మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బయట రాత్రయిందన్న కబురు లోపలికి అందే దారుల్లో అది ముఖ్యమైనది. పుట్టిన కొన్ని వారాల దాకా పసివాళ్లు రాత్రీ పగలూ తారుమారు చేసి ఇంటిల్లిపాదినీ జాగారం చేయించడానికి కారణం, వాళ్ల సొంత లయ ఇంకా కుదురుకోకపోవడమే. తల్లి రాత్రంతా వార్డులో ట్యూబ్‌లైట్ల కింద తిరుగుతుంటే ఆమెలో మెలటోనిన్ తగ్గిపోతుంది, ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ వేళలూ చెదురుతాయి.

చిలీ శాస్త్రవేత్తలు గర్భంతో ఉన్న ఎలుకలకు వెలుతురు వేళలను పదేపదే మార్చి చూశారు. 2016లో వెలువడిన ఫలితాలు ఆలోచింపజేస్తాయి. ఆ తల్లులకు పుట్టిన పిల్లలు పెద్దయ్యాక చూస్తే మెదడులోని ప్రధాన గడియారం మామూలుగానే ఉంది. రక్తంలో మెలటోనిన్ రాత్రి పెరిగి పగలు తగ్గే మామూలు లయ మాత్రం కనిపించలేదు. ఎలుకల్లో కార్టిసాల్ లాంటి హార్మోనైన కార్టికోస్టెరాన్ లయ మారింది, గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గింది. ఎలుక రాత్రిపూట తిరిగే ప్రాణి కాబట్టి దాని సంగతి మనిషికి యథాతథంగా వర్తించదు. అయితే మనుషుల నుంచీ ఒక హెచ్చరిక వచ్చింది. డెన్మార్క్‌లో దాదాపు 23 వేల మంది గర్భిణుల వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఎనిమిదో వారం తర్వాత ఒకే వారంలో రెండు, అంతకు మించి నైట్ డ్యూటీలు చేసినవారికి ఆ మరుసటి వారం గర్భస్రావం ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించింది.

ఆడవాళ్లు రాత్రి ఏడు దాటాక ఫ్యాక్టరీలో ఉండకూడదన్న 1948 నాటి నిషేధాన్ని మళ్లీ తెమ్మని మేము అనడం లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు మహిళల సమ్మతితో రాత్రి పనిని అనుమతించాయి, మంచిదే. చిక్కల్లా గర్భిణి విషయంలోనే. ఆమె కోరితే శ్రమతో కూడిన పని, గంటల తరబడి నిలబడే పని చెప్పకూడదని చట్టంలో ఉంది. అదీ కాన్పుకు ముందు పది వారాల నుంచే. రాత్రి డ్యూటీ మాటే అందులో లేదు.

మన ఇళ్లలో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు. డెన్మార్క్ లెక్కల్లో ముప్పు కనబడిందేమో రెండో నెల దాటగానే. అందుకే గర్భం నిర్ధారణ అయిన రోజు నుంచే, డాక్టరు చీటీ ఒక్కటి చూపితే కారణం అడక్కుండా పగటి డ్యూటీకి మార్చాలి. ఆ కారణం డ్యూటీ చార్టులోకి ఎక్కకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలు ముందు తమ ఆస్పత్రుల్లోని స్టాఫ్ నర్సులతో ఇది మొదలుపెట్టవచ్చు. కాల్‌సెంటర్లలో, ఐటీ కంపెనీల్లో చాలామంది నైట్ అలవెన్సు పోతుందనే అడగడం మానేస్తారు కాబట్టి, డ్యూటీ మారినా జీతం తగ్గకూడదన్న మాట కూడా నిబంధనల్లోనే రాయాలి.