నిజాం ఇచ్చిన అమెరికా రివాల్వర్

వరంగల్‌లో వానొస్తే మునిగే కాలనీల గురించి, గుంతల రోడ్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది. అంతకన్నా పెద్ద సమస్య ఒకటి హంటర్ రోడ్డులోని ఓ డ్రాయింగ్ రూములో, మఖ్మల్ గుడ్డ మీద పడి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒక మాజీ దొరగారి కుటుంబ రివాల్వర్‌కు ఒంట్లో బాగాలేదు. ఎంత ఖర్చయినా సరే, రిపేరు చేయించి తీరాలని కుటుంబం పట్టుబట్టింది.

ముందు దాని వంశచరిత్ర చెప్పుకోవాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాకాల అడవికి వేటకొచ్చి, ముత్తాతగారి మర్యాదలకు మురిసిపోయి, నడుముకున్న రివాల్వర్ తీసి చేతిలో పెట్టారట. ఆ ఇంటికి వెళ్లినవాళ్లకు ఈ కథ చాయ్ కంటే ముందొస్తుంది. ఆయన పులుల వేట జగమెరిగినదే కాబట్టి కథ సగం దాకా నమ్మొచ్చు. మిగతా సగం దగ్గర రివాల్వరే నోరు జారింది. పిడి అడుగున తాడు కట్టుకునే రింగు, ఆ పక్కనే ‘వి’ అక్షరంతో మొదలయ్యే నంబరు, పైన ‘యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ’ అన్న ముద్ర. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఆ ‘వి’ నంబర్లు మొదలుపెట్టింది 1942లో. నిజాం గారు కన్నుమూసింది 1911లో. పోయిన 31 ఏళ్లకు తయారైన సరుకును, అదీ అమెరికా ప్రభుత్వపు సొత్తును, బహుమతిగా ఇవ్వగలిగారంటే ఆయన చెయ్యి ఎంత పెద్దదో చూడండి.

ఇక జబ్బు సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాల కోసం అమెరికా ఈ రకం రివాల్వర్లు ఐదు లక్షలకు పైగా పంపింది. వాటిలో వాడే తూటా పొట్టిది, కాస్త లావుది. యుద్ధం అయిపోయాక మిగులు సరుకు కింద అమ్ముడుపోయిన వాటిలో చాలావాటికి, పొడవాటి అమెరికా తూటా పట్టేలా చాంబర్లను, అంటే తూటాలు దూర్చే గొట్టాలను, లోపలికంటా బోరు కొట్టించారు. చాంబర్ లోపల తూటా తొడుగు ఆగడానికి ఒక మెట్టు ఉంటుంది. దాన్ని చెక్కేస్తే పొడవు కలిసొస్తుంది గానీ, వెనకాల వెడల్పు అట్లాగే ఉండిపోతుంది. అద్దె షేర్వానీ వేసుకున్న పెళ్లికొడుకులా కొత్త తూటా అందులో పొడవుకు సరిపోయి, నడుం దగ్గర వదులుగా వేలాడుతుంది. పేలిస్తే ఇత్తడి తొడుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి నిలువునా చీలుతుంది. మన దొరగారిది ఆ బాపతే.

మోటార్ సైకిల్ ఇంజిన్లకు బోరు కొట్టే లేత్ మేస్త్రీని ఇంటికి పిలిపించారు. ఆయన చాంబర్లుండే గుండ్రటి సిలిండర్ పక్కకు తీసి, టార్చి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. ఆరు చాంబర్లలోనూ ఏటేటా దసరాకు ఆయుధపూజలో పడిన పసుపు కుంకుమ గట్టిగా పేరుకుపోయి ఉంది.

“దొరా, తీసిన ఇనుమును మళ్ల అతికియ్యడానికి నేనేమన్న బ్రహ్మనా?” అన్నాడు. “అయినా దీన్ని ముట్టుకుంటె నన్ను లోపలేస్తరు” అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన భయంలో న్యాయముంది. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకీ తయారు చేయడమే కాదు, రిపేరు చేసినా నేరమే.

అసలు రిపేరు ఎందుకన్నది నా ప్రశ్న. ఇంతటి బుద్ధిమంతురాలైన ఆయుధం జిల్లాలో ఇంకోటి లేదు. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్పులు జరిపి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2019లో చట్టం సవరించారు. వట్టి కడుపుతో పసుపు కుంకుమలు మింగి కూర్చున్న ఈ రివాల్వర్‌తో ఆ నేరం చేయాలన్నా కుదరదు. అలాంటిదాన్ని బాగు చేసి చెడగొట్టడం దేనికి?

పైగా అది చేయాల్సిన పని లోటు లేకుండా చేస్తూనే ఉంది. ఎన్నికల కోడ్ రాగానే పెద్దాయన ఇస్త్రీ బట్టలు వేసుకుని, కారులో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఠాణాకు వెళ్లి జమ చేస్తారు. రసీదు చొక్కా జేబులో సగం బయటికి కనబడేలా పెట్టుకుని, దారిలో తెలిసినవాళ్లందరి దగ్గరా ఆగుతారు. ఓటేశారో లేదో ఎవరికీ తెలియదు గానీ, తుపాకీ జమ చేశారని మాత్రం హన్మకొండ చౌరస్తా దాకా తెలుస్తుంది. గడీ పోయింది, భూములు పోయాయి, వంగి దండం పెట్టేవాళ్లూ పోయారు. రసీదు ఇచ్చే కానిస్టేబుల్ మాత్రం ఇప్పటికీ “కూర్చోండి సార్” అంటాడు.

ఇప్పుడు పంపకాల గొడవ మొదలైంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గరున్నా వారసుడి పేరు మీదికి మార్చుకునేందుకు దరఖాస్తు చేసుకోవచ్చని 2016 నాటి ఆయుధాల రూల్స్ చెబుతున్నాయి. పెద్దాయనకు రెండూ దాటిపోయాయి. రివాల్వర్ తనకొస్తే నర్సంపేట రోడ్డు ప్లాటు వదులుకుంటానని పెద్దకొడుకు అంటున్నాడు. చిన్నకొడుకు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. నిజాం కథ చెప్పే హక్కు మాత్రం తనదేనట. దాని మీదే పంచాయితీ ఆగింది.