ప్రీయాంప్ పోయాక మార్చడమా, పోకుండా చూడటమా?

మందస వైపు కొండ మీదున్న హామ్ రిపీటర్‌లో (ఔత్సాహికుల రేడియో సిగ్నళ్లను అందుకుని మళ్లీ ప్రసారం చేసే పరికరం) రిసీవర్ ప్రీయాంప్, అంటే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే భాగం, ఈ వేసవి ఉరుములకి మళ్లీ పోయింది. క్లబ్బు పెద్దాయనకీ, కొత్తగా చేరిన కుర్రాడికీ మధ్య జరిగిన వాదన ఇది.

పెద్దాయన: బీరువాలో ఇంకోటి ఉంది, మార్చేద్దాం. పిడుగు నెత్తిన పడితే, దెబ్బను భూమిలోకి మళ్లించే ఏ అరెస్టరూ ఆపలేదు తమ్ముడూ.

కుర్రాడు: నెత్తిన పడక్కర్లేదు మాస్టారూ, దగ్గర్లో పడినా చాలు. సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిసే కరెంటు, ఒకవైపు యాంటెన్నా కేబుల్ మీదా, ఇంకోవైపు కరెంటు లైను మీదా వస్తుంది. టవర్‌కి ఒక ఎర్త్, మీటరుకి వేరే ఎర్త్. ఆ క్షణంలో రెంటి మధ్యా వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ దెబ్బ మధ్యలో ఉన్న ఫెట్, అంటే ప్రీయాంప్‌లోని ట్రాన్సిస్టర్, తింటుంది. కేబుల్ గదిలోకి వచ్చేచోటే రాగి పలక బిగించి అరెస్టర్, పరికరాలు బిగించిన రాక్, పవర్ సప్లై, రెండు ఎర్త్‌లూ దానికే కలపాలి. ప్రీయాంప్ ముందు, మన ఫ్రీక్వెన్సీని మాత్రమే పోనిచ్చే క్యావిటీ ఫిల్టర్ పెట్టాలి. పిడుగు శక్తి ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి చాలావరకు అక్కడే ఆగుతుంది.

పెద్దాయన: ఫిల్టర్‌లో సిగ్నల్ ఒక డీబీ (డెసిబెల్) పోతే నాయిస్ ఫిగర్, అంటే రిసీవర్ తనంతట కలిపే రొద కొలత, ఒక డీబీ పెరుగుతుంది. ప్రీయాంప్ పెట్టుకున్నదే ఆ డీబీ కోసం కదా!

కుర్రాడు: అది నిజమే, కాదనను. కానీ చచ్చిన ప్రీయాంప్‌తో పోయే డీబీలు అంతకంటే చాలా ఎక్కువ.

పెద్దాయన: అయినా ఈ రాతికొండలో ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది? ఉప్పూ బొగ్గూ వేసి గొయ్యి నేనే దగ్గరుండి తవ్వించాను.

కుర్రాడు: మే నెలలో దానికి నీళ్లెవరు పోస్తున్నారండీ?

పెద్దాయన: వాచ్‌మన్ జీతం పెంచమంటే మీరెవరూ నోరెత్తలేదు. కొండ మీదికి బిందెలెవడు మోస్తాడు?

కుర్రాడు: జీతం పెంచాల్సిందే, ఆ మాట మీటింగ్‌లో నేనే అంటాను. కానీ ఎర్త్ ఎంత బాగుందన్న దానికంటే అన్నీ ఒకేచోట కలిశాయా అన్నది ముఖ్యం. అన్నిటి వోల్టేజీ కలిసి పైకి లేస్తే ఫెట్ మీద తేడా పడదు. ఇంకోటి, కనెక్టర్‌లోకి ఉప్పునీరు దిగితే ఒకే యాంటెన్నా మీద ట్రాన్స్‌మిటర్‌నీ రిసీవర్‌నీ విడిగా ఉంచే డూప్లెక్సర్ ఐసోలేషన్ తగ్గి మన ట్రాన్స్‌మిటర్ పవరే ప్రీయాంప్‌లోకి వస్తుంది. టేపు విప్పి చూడండి, పిన్ను పచ్చగా చిలుము పట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు పడి, చెట్లు కూలి దారులన్నీ మూసుకుపోయాయి. అలాంటి రోజున మీ స్పేర్ కొండెక్కేదెలా?

పెద్దాయన: ...పలక వేయించు. ఫిల్టర్ మాత్రం పెట్టకముందొకసారి, పెట్టాకొకసారి సెన్సిటివిటీ, అంటే ఎంత బలహీనమైన సిగ్నల్ అందుతుందో, కొలిచి చూపించు. తేడా ఒక డీబీ దాటితే పీకేస్తాను.

కుర్రాడు: సిగ్నల్ జనరేటర్ నేనే మోసుకొస్తాను మాస్టారూ.