యేల్ యూనివర్సిటీని మద్రాసు డబ్బుతో కట్టారా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు జవాబు

అమెరికా పాత కాలేజీల గురించి ఒక మెసేజ్ మన తెలుగు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: అమెరికాలో ఇంగ్లీషువాళ్ల మొదటి వలస 1620లో మేఫ్లవర్ ఓడతో మొదలైంది. 1636లో జాన్ హార్వర్డ్ అనే ధనవంతుడు సొంత డబ్బుతో అమెరికాలోనే మొదటి యూనివర్సిటీ హార్వర్డ్ స్థాపించాడు. ఆ రోజుల్లో ఆదివాసులను కాలేజీ గడప తొక్కనివ్వలేదు. అక్కడి పాత కాలేజీలన్నిటికీ కలిపి ఐవీ లీగ్ అని పేరు. చివరగా అసలు పాయింటు: మద్రాసు గవర్నర్ ఎలైహు యేల్ మనల్ని దోచుకుని, ఆ సొమ్ముతో అమెరికా వెళ్లి యేల్ యూనివర్సిటీ కట్టాడు.

పిల్లల్ని అమెరికా పంపిస్తున్న ఇళ్లలో ఇలాంటివి నమ్మకంగా చదువుతారు, క్విజ్ పోటీల్లో కూడా ఇవే చెబుతారు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

మేఫ్లవర్ సంగతి తేలికగా తేలిపోతుంది. వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వెలిసింది 1607లో, అంటే మేఫ్లవర్‌కు పదమూడేళ్ల ముందే. అంతకన్నా ముందు 1580లలో రోనోక్ దీవిలో ఇంగ్లీషువాళ్లు రెండుసార్లు ప్రయత్నించి విఫలమయ్యారు. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ పట్టణాన్ని స్పెయిన్‌వాళ్లు 1565లోనే కట్టారు.

హార్వర్డ్ విషయంలో 1636 అన్న ఏడాది సరైనదే. తప్పల్లా స్థాపకుడి పేరులో ఉంది. ఆ అక్టోబరులో మసాచుసెట్స్ కాలనీ శాసనసభ ఒక కాలేజీ కోసం 400 పౌండ్లు ఇవ్వాలని తీర్మానించింది. అప్పటికి జాన్ హార్వర్డ్ ఇంకా ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు. ఆయన లండన్ పక్కన సదర్క్‌లో మాంసం వ్యాపారి కొడుకు. 1625లో వచ్చిన ప్లేగు ఆ ఇంట్లో చాలామందిని పొట్టన పెట్టుకుంది. ఆయన 1637లో అమెరికా వచ్చి, మరుసటి ఏడాదే క్షయతో ముప్ఫై ఏళ్లకే చనిపోయాడు. ఆస్తిలో సగం, నాలుగు వందల దాకా పుస్తకాలు కాలేజీకి రాసిచ్చాడు. ఆ కృతజ్ఞతతో 1639లో కాలేజీకి ఆయన పేరు పెట్టారు. అంటే ఆయన దాత, స్థాపకుడు కాదు. క్యాంపస్‌లో ఉన్న విగ్రహం కింద ‘జాన్ హార్వర్డ్, స్థాపకుడు, 1638’ అని చెక్కారు కాబట్టి జనం పొరబడటం సహజమే. 1884లో ఆ విగ్రహం చేసేనాటికి ఆయన బొమ్మ ఒక్కటీ దొరకలేదు, అందుకని శిల్పి ఒక విద్యార్థిని కూర్చోబెట్టి ఆ ముఖం చెక్కాడు. ఏడాదీ తప్పే, ముఖమూ ఆయనది కాదు. ఆ పుస్తకాలు కూడా 1764లో లైబ్రరీ తగలబడినప్పుడు దాదాపు అన్నీ బూడిదయ్యాయి.

ఇక్కడ ఇంకో మాట. ‘అమెరికాలోనే మొదటి యూనివర్సిటీ’ అని మెసేజ్‌లో రాశారు. అమెరికా ఖండాలు అని అర్థమైతే అదీ తప్పే. లిమాలోని శాన్ మార్కోస్ యూనివర్సిటీ 1551లో పుట్టింది, మెక్సికో యూనివర్సిటీకి కూడా అనుమతి అదే ఏడాది వచ్చింది. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల వరకే హార్వర్డ్ మొదటిది.

ఆదివాసులను రానివ్వలేదన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నిజం దీనికన్నా బాధాకరం. 1650లో హార్వర్డ్‌కు ఇచ్చిన చార్టర్‌లోనే (అధికార పత్రంలోనే) ఇంగ్లీషు యువకులకూ ఆదివాసీ యువకులకూ చదువు చెప్పాలని రాశారు. దాని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఆదివాసులను క్రైస్తవులను చేయడానికి ఇంగ్లండ్‌లో విరాళాలు పోగవుతున్నాయి, కాలేజీకేమో డబ్బు కటకట. ఆ విరాళాలతోనే 1650లలో ‘ఇండియన్ కాలేజీ’ అని (అక్కడి ఆదివాసులను ఇండియన్లు అనేవారు) ఒక ఇటుక భవనం కట్టారు. అందులో చేరిన ఆదివాసీ కుర్రాళ్లు కొద్దిమందే. మార్తాస్ వైన్‌యార్డ్ దీవి నుంచి వచ్చిన వాంపనోగ్ తెగ యువకుడు కేలబ్ చీషాట్యూమక్ లాటిన్, గ్రీకు నేర్చుకుని 1665లో డిగ్రీ అందుకున్నాడు. మరుసటి ఏడాదే క్షయతో పోయాడు. అతనితో చదివిన జోయెల్ ఇయాకూమ్స్ డిగ్రీ వేడుకకు ముందు ఇంటికి వెళ్లి, తిరిగి వస్తూ ఓడ ప్రమాదంలో చనిపోయాడు. అతని డిగ్రీని హార్వర్డ్ 2011లో ఇచ్చింది. అమెరికా ఖండాల్లో అచ్చయిన మొదటి బైబిల్ ఇంగ్లీషులో కాదు, ఆ ఆదివాసుల భాషలో, 1663లో, హార్వర్డ్ ప్రెస్సులోనే వచ్చింది. నిప్మక్ తెగకు చెందిన జేమ్స్ ప్రింటర్ ఆ అచ్చు పనిలో ఉన్నాడు. 1698లో ఇండియన్ కాలేజీ భవనాన్ని కూల్చేసి ఇటుకలు వేరే కట్టడానికి వాడుకున్నారు. ‘రానివ్వలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కేలబ్, జోయెల్ పేర్లు ఇంకోసారి చెరిగిపోతాయి.

ఐవీ లీగ్ అన్నది 1954లో లాంఛనంగా ఏర్పడిన ఆటల పోటీల కూటమి. అందులో ఉన్న కార్నెల్ 1865లో పుట్టింది. రాజముద్రతో 1693లో మొదలైన విలియం అండ్ మేరీ, 1766 నాటి రట్గర్స్ అందులో లేవు. స్వాతంత్ర్యానికి ముందటి కాలేజీలు తొమ్మిది, వాటిలో ఏడే ఐవీ లీగ్‌లో ఉన్నాయి. కాలేజీ వెతుక్కునే పిల్లలకు ఈ తేడా తెలియడం మంచిది.

ఇక యేల్. 1701 అక్టోబరులో కనెటికట్ కాలనీ శాసనసభ ‘కాలేజియేట్ స్కూల్’ పెట్టడానికి చట్టం చేసింది. దాని బాధ్యత పదిమంది పాస్టర్లకు అప్పగించింది, వాళ్లలో ఎక్కువమంది హార్వర్డ్‌లో చదివినవాళ్లే. తొలి రెక్టర్ (కాలేజీ పెద్ద) అబ్రహాం పియర్సన్ కిలింగ్‌వర్త్‌లో తన ఇంట్లోనే పాఠాలు చెప్పాడు. ‘కాలేజియేట్ స్కూల్’ అన్న పేరుతోనే అది పదిహేడేళ్లు నడిచింది.

ఎలైహు యేల్ పుట్టింది 1649లో, బోస్టన్‌లో. మూడేళ్ల పిల్లవాడిగా ఇంగ్లండ్ వెళ్లిపోయాక మళ్లీ అమెరికాలో అడుగు పెట్టలేదు. కాబట్టి ‘అమెరికా వెళ్లి కట్టాడు’ అన్నది పూర్తిగా కల్పన. 1672లో ఈస్ట్ ఇండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చాడు, 1680లో సెయింట్ మేరీ చర్చిలో పెళ్లి చేసుకున్నాడు, 1687లో గవర్నర్ అయ్యాడు. కంపెనీ జీతంతో అంత ఆస్తి రాదు. సొంత వ్యాపారంతో, ముఖ్యంగా వజ్రాలతో సంపాదించాడు. పదవిని సొంత లాభానికి వాడుకున్నాడన్న ఆరోపణలతో కంపెనీయే 1692లో ఆయన్ను తప్పించింది.

1718లో కాలేజీకి న్యూహేవెన్‌లో కొత్త భవనం లేస్తోంది, డబ్బు చాలడం లేదు. బోస్టన్ పాస్టర్ కాటన్ మేథర్ లండన్‌లో ఉన్న యేల్‌కు ఉత్తరం రాసి, సాయం చేస్తే మీ పేరు పెట్టొచ్చని ఆశ చూపాడు. యేల్ తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, జార్జి రాజు చిత్రం పంపాడు. మూటల్లో కాలికో, మస్లిన్ అనే మన నూలు బట్టలతో పాటు యూరప్ నారబట్టలు కూడా ఉన్నాయి. వాటిని అమ్మితే సుమారు 562 పౌండ్లు వచ్చాయి. అద్దకం వేసిన మన బట్టల అమ్మకాన్ని ఇంగ్లండ్ 1701 నుంచి తన గడ్డ మీద నిషేధించింది కానీ కాలనీలకు పంపడానికి అడ్డు లేదు. బోస్టన్‌లో వాటికి మంచి గిరాకీ ఉండేది.

అంటే మద్రాసు సంపద ఆ కాలేజీకి చేరిన మాట నిజం, ఆ సంపదతో కాలేజీ పుట్టిందన్నది అబద్ధం. ‘మనల్ని దోచుకున్నాడు’ అన్నదాన్ని నేను కొట్టిపారేయను. కానీ నిజంగా అడగాల్సిన ప్రశ్న ఆ మెసేజ్‌లో లేదు. యేల్ అధ్యక్షతన మద్రాసు కౌన్సిల్ మనుషుల్ని కొని ఓడల్లో అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలీనా దీవికి బానిసలుగా పంపింది. ఒక్కో ఓడలో కనీసం పదిమందిని పంపాలని ఆదేశం ఉండేది. మొగలు అధికారుల ఒత్తిడితో 1688లో ఆ ఎగుమతిని ఆపారు. యేల్ బొమ్మ గీసిన ఒక పెద్ద తైలచిత్రంలో, మెడకు లోహపు పట్టీతో ఒక బానిస పిల్లవాడు పక్కన నిలబడి ఉంటాడు. ఆ చిత్రం యేల్ యూనివర్సిటీ దగ్గరే ఉంది. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యూనివర్సిటీ 2024 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పింది. కాలేజీ ఎవరు కట్టారన్న కట్టుకథ కన్నా ఆ మెడపట్టీ ఎక్కువ మందికి తెలియాలి.

మద్రాసుకూ అమెరికా కాలేజీలకూ లింకు కావాలంటే ఇంకొకటి ఉంది, అది ఆ మెసేజ్ రాసినవాళ్లకు తట్టనే లేదు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు తెలుగు వర్తకుడు చిన్న వెంకటాద్రి ఆల్డర్‌మన్లలో (కార్పొరేషన్ పెద్దల్లో) ఒకడు. మొదటి మేయర్ నథానియెల్ హిగ్గిన్సన్. కనెటికట్‌లోని గిల్‌ఫర్డ్‌లో పుట్టి, 1670లో హార్వర్డ్‌లో డిగ్రీ తీసుకున్నవాడు. 1692లో యేల్‌ను దించాక కంపెనీ గవర్నర్ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా ఈ హార్వర్డ్ గ్రాడ్యుయేట్‌నే.