కుట్లు విప్పాక అడిగేదెవరు?

డిశ్చార్జ్ కాగితంలో చివరి గడి నింపడం తేలిక. ‘నిలకడగా ఉంది’ అని రాస్తే సరిపోతుంది. కుట్లు విప్పేదాకా ఆస్పత్రికి రోగి గుర్తుంటుంది. ఆ తర్వాత నొప్పి తగ్గిందా, మళ్లీ నాట్లకు వెళ్లగలుగుతోందా, అసలా ఆపరేషన్ అవసరమేనా? ఇవి రాసుకునే వారు అరుదు.

వందేళ్ల కిందట బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఇవన్నీ రాసుకున్నాడు. రోగికో కార్డు. ఏ బాధతో వచ్చారు, తాను ఏ జబ్బనుకున్నాడు, ఏం చేశాడు, ఏం వికటించింది, ఏడాదికి ఎలా ఉన్నారు. సర్జన్ల పదోన్నతికి సీనియారిటీ కాదు, ఫలితాలే కొలమానం కావాలని గొడవపడి 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వదిలేశాడు. సొంతంగా నడిపిన చిన్న ఆస్పత్రిలో 1911-16 మధ్య 337 మందికి వైద్యం చేసి, 123 పొరపాట్లను అచ్చేసి మరీ బయటపెట్టాడు. మన దగ్గర ఏ ఆస్పత్రి అయినా అలాంటి పుస్తకం వేస్తే చూడాలని ఉంది! 1915లో డాక్టర్ల సభలో, ఫలితమేంటని అడగకుండా డాక్టర్లకు డబ్బు పోసే సంపన్నులను ఇసుకలో తల దూర్చి బంగారు గుడ్లు పెట్టే నిప్పుకోడిగా గీసిన కార్టూన్ చూపించి తోటివారికి కంటగింపయ్యాడు. 1940లో పోతే సమాధికి రాయి కూడా లేదు. 2014లో పెట్టారు.

ఇక మన సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో వెళ్తే ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా అది’ అన్న మాట వినని ఊరుందా? గడ్డలకో, ఆగని రక్తస్రావానికో తీయక తప్పనివీ ఉంటాయి. ఏవి తప్పనివో, ఏవి అనవసరమైనవో తేలాలంటే ఏ బాధకు తీశారు, ఆ బాధ పోయిందా అన్న రెండు గడులైనా ఉండాలి. అనవసర గర్భసంచి ఆపరేషన్లపై కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఏ ప్రభుత్వమొచ్చినా ఇన్ని ఆపరేషన్లు, ఇన్ని కోట్లు అనే లెక్కే చెబుతుంది. ఆపరేషనైన ఏడాది తర్వాత ఎంతమంది బాగున్నారన్న లెక్క ఆస్పత్రి వారీగా ప్రకటించాలన్నది మా డిమాండు. అలా చేస్తే కష్టమైన కేసులు ఎవరూ ముట్టుకోరని కొందరు డాక్టర్ల టెన్షన్. అది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ కాడ్‌మన్ కార్డుల్లో సర్జన్ పొరపాటు వేరు, జబ్బు ముదిరిపోయి చేయగలిగింది లేకపోవడం వేరు. ఆ తేడా మనమూ పాటించవచ్చు.

ఫోన్ నంబర్లు ఎటూ ఉన్నాయి, 104 ఉంది. నలభై దాటకుండానే గర్భసంచి పోయిన ఆడవాళ్లకు మొదటి ఫోన్లు వెళ్లాలి.