హోదా తీసేస్తే మిగిలేది ఎవరు?

పైన "నేనెవరిని?" అన్న ప్రశ్న, దాని కింద 20 ఖాళీ గీతలు. 1954లో అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు మాన్‌ఫర్డ్ కున్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ రూపొందించిన పరీక్ష అంతే. ఎక్కువగా ఆలోచించకుండా తోచింది తోచినట్టు రాసుకుంటూ పోవాలి. రాసినవాళ్ల కాగితాలు చూస్తే ఓ వరుస కనబడింది. ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమయ్యే సమాధానాలు ముందు వస్తాయి: విద్యార్థిని, భార్యని, ఇంజనీర్‌ని, ఫలానా మతస్థుణ్ణి. ఆ సరుకు అయిపోయాక గానీ "నాకు తొందరగా విసుగొస్తుంది", "ఎప్పుడూ సరదాగా ఉంటాను" లాంటివి బయటికి రావు. మీరూ రాసి చూడండి. కలం ఎన్నో గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి.

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే సలహా వినిపిస్తోంది. లేబుళ్లన్నీ పీకి పారేయండి, లోపల దాక్కున్న అసలు మిమ్మల్ని కనుక్కోండి అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అందులో సగమే నిజం. పదవినో, మార్కులనో, పతకాలనో పట్టుకుని వేలాడితే మనిషికి ఏమవుతుందో మనకు చాలావరకు తెలుసు. అవి తీసేస్తే లోపల ఇంకో మనిషి తయారుగా కూర్చుని ఉంటాడన్నదానికే ఆధారం లేదు.

ముందు తెలిసిన సగం సంగతి చూద్దాం. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే దీన్నొక భిన్నంగా రాసిపెట్టాడు: మన మీద మనకుండే గౌరవం అంటే సాధించినదాన్ని ఆశించినదానితో భాగిస్తే వచ్చేది. ఆయన చెప్పిన ఉదాహరణ ఇప్పటికీ పాతబడలేదు. ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న బాక్సర్ సిగ్గుతో చచ్చిపోతుంటాడు. ఒక్కడిని తప్ప భూమ్మీద అందర్నీ కొట్టగలడు, అయినా ఆ ఒక్కడే కళ్ల ముందు కదులుతుంటాడు. ఎవరి చేతిలోనైనా దెబ్బలు తినే బక్కపలచటివాడికి మాత్రం ఆ చింతే లేదు. ఆ పోటీ సంగతి వాడెప్పుడో వదిలేశాడు. జేమ్స్ తన గురించీ దాచుకోలేదు. మనస్తత్వశాస్త్రంలో తనకంటే ఎక్కువ తెలిసినవాళ్లుంటే తల కొట్టేసినట్టు ఉంటుందట, గ్రీకు భాష ఒక్క ముక్క రాకపోయినా చీమ కుట్టినట్టయినా ఉండదట.

ఈ లెక్కలో అందరూ పైనున్న అంకెను పెంచడానికే చూస్తారు. ఒక మెట్టు ఎక్కగానే కిందనున్న అంకె కూడా పెరుగుతుందని ఎవరూ ముందుగా చెప్పరు. పైగా ఇది రోజువారీగా ఊగే లెక్క. 2002లో మనస్తత్వవేత్త జెన్నిఫర్ క్రాకర్, ఆమె సహచరులు పై చదువులకు దరఖాస్తు చేసుకున్న విద్యార్థుల మీద ఓ అధ్యయనం ప్రచురించారు. సీటు వచ్చిందన్న కబురు అందిన రోజూ, రాలేదన్న కబురు అందిన రోజూ వాళ్లకు తమ మీద తమకున్న అభిప్రాయం ఎలా ఉందో నమోదు చేశారు. చదువే తమ విలువ అనుకున్నవాళ్లలో ఆ అభిప్రాయం మిగతావాళ్లకంటే ఎక్కువగా పైకీ కిందికీ పోయింది. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ పిల్లల్లో మారిందేమీ లేదు, ఒక ఉత్తరం వచ్చిందంతే.

పెద్ద పేరున్నవాళ్ల కథలు కూడా ఇదే దారిలో నడుస్తాయి. 1969లో చంద్రుడి మీద కాలుపెట్టిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్‌కు అప్పటికి 39 ఏళ్లు. తిరిగొచ్చాక డిప్రెషన్, తాగుడు ఆయన్ను కమ్ముకున్నాయి. ఆ డిప్రెషన్ గురించి ఆయనే 1973లో పుస్తకంగా రాశాడు. చంద్రుడి దాకా వెళ్లొచ్చినవాడు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలి? మొత్తం 28 ఒలింపిక్ పతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్ కూడా తనను తాను మనిషిగా కాక ఈతగాడిగానే చూసుకున్నానని బహిరంగంగా చెప్పాడు. 2014లో తాగి కారు నడిపి అరెస్టయ్యాకే చికిత్సకు వెళ్లాడు.

ఈ కథలతో ఒక చిక్కుంది. ఇదంతా గొప్పవాళ్లకొచ్చే జబ్బు, మనకెందుకులే అనిపిస్తాయి. అందుకే నేను ఫెల్ప్స్ కంటే ఒక మిల్లు కార్మికుల ఊరినే ఎక్కువగా తలచుకుంటాను.

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మరీన్‌తాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. ఆర్థిక మాంద్యం దెబ్బకు మిల్లు మూతబడింది, దాదాపు ఊరు ఊరంతా ఒకేసారి పని పోగొట్టుకుంది. సామాజిక పరిశోధకులు మారీ యాహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ తమ బృందంతో అక్కడికి వెళ్లి చూసిందంతా 1933లో అచ్చు వేశారు. పని లేదు కాబట్టి తీరిక బోలెడు. మామూలుగా మనం ఏమనుకుంటాం? తీరిక దొరికితే చదువుకుంటాం, నలుగురితో కలుస్తాం, ఎప్పటినుంచో చేద్దామనుకున్నవి చేస్తాం అనుకుంటాం. అక్కడ తిరగబడింది. ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. క్లబ్బుల్లో సభ్యత్వాలు తగ్గాయి. రాజకీయాల మీద ఆసక్తి పోయింది. పరిశోధకులు కిటికీ చాటున నిలబడి వీధిలో వెళ్లేవాళ్ల నడక వేగం కూడా కొలిచారు. మగవాళ్లు నెమ్మదిగా నడిచేవారు, మాటిమాటికీ ఆగేవారు. చాలామంది గడియారం పెట్టుకోవడమే మానేశారు. పొద్దుటి నుంచి ఏం చేశారో రాయమని కాగితం ఇస్తే పిల్లల్ని నిద్ర లేపడం, మధ్యాహ్నం భోజనం, రాత్రి నిద్ర లాంటి రెండు మూడు సంగతులకు మించి గుర్తురాలేదు.

ఆడవాళ్లు మాత్రం వేగంగా నడిచారు. వాళ్లలోనూ చాలామందికి మిల్లులో పని పోయింది. కానీ ఇంటి చాకిరీ పోలేదుగా! ఆ చాకిరీ గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎవరూ హోదా కింద లెక్కగట్టని ఆ పనే వాళ్ల రోజుకు ఓ ఆకారం ఇచ్చింది, అంతవరకే. యాహోడా తర్వాతి కాలంలో ఇదే విషయాన్ని ఇంకా విడమరిచి చెప్పింది. ఉద్యోగం జీతం ఒక్కటే ఇవ్వదు. కాలానికి ఓ క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి ఏదో చేస్తున్నామన్న భావన, సమాజంలో ఓ స్థానం, రోజూ చేయాల్సిన పని, ఇవన్నీ ఇస్తుంది. కాబట్టి లేబుల్ అంటే పైపైన అంటించిన కాగితం అనుకోవడం పొరపాటు. దాన్ని పీకితే దానితో పాటు రోజువారీ జీవితం కూడా ఊడొస్తుంది.

అసలు లేబుల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో బయటపెట్టాడు. 14, 15 ఏళ్ల బడి పిల్లలకు ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, మీకు పాల్ క్లే బొమ్మలు నచ్చాయి, మీకు కాండిన్‌స్కీవి నచ్చాయి అని రెండు జట్లు చేశాడు. నిజానికి ఆ విభజన చీట్లు తీసినట్టుగా చేసిందే. జట్టులో ఇంకా ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టువాళ్లకే ఎక్కువ ఇచ్చారు. అవతలి జట్టు కంటే పైచేయిగా ఉంటే చాలని, తమవాళ్లకు వచ్చే మొత్తం తగ్గినా ఒప్పుకున్నారు. పొద్దున తగిలించిన పేరు కోసం సాయంత్రంలోపే పక్షపాతం మొదలైతే, ఇరవై ఏళ్లు మోసిన పేరు మాటేమిటి?

మంచి లేబుల్ చేసే చెడు కూడా ఏమంత తక్కువ కాదు. 1998లో మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ పదీ పదకొండేళ్ల పిల్లలకు కొన్ని పజిళ్లిచ్చి, చేశాక కొందరిని "నువ్వు తెలివైనదానివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైన పజిళ్లిచ్చారు. తెలివైనవాళ్లన్న ముద్ర పడినవాళ్లు తొందరగా చేతులెత్తేశారు. ముక్కూ మొహం తెలియని ఇంకో పిల్లవాడికి తమ స్కోరు రాసి పంపమంటే, వాళ్లలో 40 శాతానికి దగ్గరగా ఎక్కువ చేసి రాశారు. ఒక్క మెచ్చుకోలును కాపాడుకోవడానికి అబద్ధం!

ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. లేబుళ్లకు అతీతంగా ఉండండి అని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి మంచి లేబుళ్లే ఉంటాయి. పుట్టుకను బట్టి, రంగును బట్టి, శరీరాన్ని బట్టి లోకం అంటగట్టిన పేరును మోసేవాళ్లకు దాన్ని విదిలించుకునే స్వేచ్ఛ ఎక్కడిది? దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవమూ ఉంది. నలభై ఏళ్లు వచ్చాక తనకు ఆటిజం ఉందని డాక్టర్ తేల్చితే "హమ్మయ్య, నాలో లోపమేదో ఉందని ఇన్నాళ్లూ అనవసరంగా తిట్టుకున్నాను" అని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లకు ఆ లేబులే తలుపు తీసింది. అందుకని లేబుళ్లన్నింటినీ ఒకే గాటన కట్టలేం.

మరి ఉల్లిపాయ పొరల్లా ఒక్కొక్కటీ తీసుకుంటూ పోతే చివరికి ఏం దొరుకుతుంది? ఈ పని మనకంటే ముందే చేసినవాళ్లున్నారు. బౌద్ధ సంప్రదాయంలో మిళింద రాజు, నాగసేన భిక్షువు మధ్య జరిగిన సంభాషణ ఒకటి ఉంది. నాగసేనుడన్నది పిలుచుకోవడానికి పెట్టిన పేరే, అందులో విడిగా మనిషి ఎవరూ లేరంటాడు భిక్షువు. రాజు నమ్మడు. నువ్వు వచ్చిన రథం ఏది, ఇరుసా, చక్రాలా, నొగలా అని ఎదురు ప్రశ్న వేస్తాడు భిక్షువు. ఏదీ కాదు, అవి తీసేస్తే మిగిలేదీ రథం కాదు. 1739లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ కూడా తనలోకి తాను తొంగిచూసి ఇంచుమించు ఇదే అన్నాడు. వేడో చల్లదనమో, ప్రేమో ద్వేషమో తగులుతాయి తప్ప "నేను" మాత్రం విడిగా ఎక్కడా పట్టుబడలేదట. వేదాంతులు దీనికి ఒప్పుకోరు. ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ పోతే చివర సాక్షిగా ఒకటి మిగులుతుందని వాళ్ల మాట. ఆ తగవు తేల్చడం నా వల్ల కాదు. కానీ ఇద్దరూ ఒకచోట కలుస్తారు. చివర మిగిలేది మిగిలినా, అది "అసలైన నేను సంగీతకారుణ్ణి, పొరపాటున అకౌంటెంట్‌నయ్యాను" లాంటిది మాత్రం కాదు. అది ఇంకో లేబులే.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది తత్వశాస్త్రం కాదు, రోగుల ఇళ్ల వైపు నుంచి వచ్చిన ఓ అధ్యయనం. 2015లో నీనా స్ట్రోమింగర్, షాన్ నికొల్స్ మూడు రకాల రోగుల కుటుంబాలను ఒకే సంగతి అడిగారు: ఇప్పటికీ ఆయన మీకు తెలిసిన ఆయనేనా? మొదటి రకం అల్జీమర్స్, అందులో జ్ఞాపకం పోతుంది. రెండోది ఏఎల్ఎస్, అందులో కండరాలు చచ్చుబడతాయి గానీ మనసు చాలావరకు అలాగే ఉంటుంది. మూడోది ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా, అందులో జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుంది గానీ జాలి, నిజాయితీ, ఎదుటివాళ్ల పట్ల మర్యాద సన్నగిల్లుతాయి. "ఈయన ఆయన కాదు" అన్న మాట ఎక్కువగా వచ్చింది ఈ మూడో రకం ఇళ్ల నుంచే. జ్ఞాపకం పోవడం ఒక్కటే అయితే దాని ప్రభావం పెద్దగా కనబడలేదు. నిన్న ఏం తిన్నాడో, ఏ ఉద్యోగం చేశాడో మరిచిపోయినా, పక్కన కూర్చున్నవాళ్లకు దుప్పటి సర్దే మనిషి ఇంటివాళ్ల లెక్కలో ఇంకా ఆ మనిషే.

ఇది బయటివాళ్ల తీర్పు కదా, నాకు నేనెవరో వాళ్లెలా చెబుతారు అనొచ్చు. నిజమే. కానీ మనం తనివితీరా లోపలికి చూసుకుంటున్న చోట పెద్దగా ఏమీ దొరకడం లేదు, మనతో ఉండేవాళ్లు మాత్రం మనల్ని తడుముకోకుండా గుర్తుపడుతున్నారు. కోపం వచ్చినప్పుడు గొంతు ఎలా పెడతాం, తప్పు మనదైనప్పుడు ఎవరి మీదికి తోస్తాం, లాభం లేని మనిషితో ఎలా మాట్లాడతాం అన్నవాటిని బట్టి. ఇవి ఏ ప్రొఫైల్లోనూ ఉండవు. "మంచివాడు" అన్న పేరు కోసం చేస్తే ఇదీ పతకాల వేటే అవుతుందనుకోండి, అది వేరే సంగతి.

రోజువారీ జీవితంలో చేయదగ్గది ఒకటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త పట్రీషియా లిన్‌విల్ 1980లలో ఒక వాదన చేసింది. తనను తాను ఒకదానికొకటి సంబంధం లేని ఎన్నో రకాలుగా చూసుకునే మనిషి, ఒకచోట దెబ్బ తగిలినా మొత్తంగా కూలిపోడని. తర్వాత వచ్చిన అధ్యయనాలు దీన్ని ఒకేలా బలపరచలేదు, కాబట్టి మంత్రంలా వాడకూడదు. నా అనుమానం ఏమిటంటే, రకాలు ఎన్ని అన్నదానికంటే అవన్నీ ఒకే కొలబద్దతో కొలుస్తున్నామా అన్నదే ముఖ్యం. ఆఫీసులో టార్గెట్, పరుగులో యాప్ చూపించే కిలోమీటర్లు, పుస్తకాల్లో ఏడాదికి ఇన్ని అని పెట్టుకున్న లక్ష్యం, ఫొటోకి లైకులు. ఇలాంటివాడికి నాలుగు జీవితాలున్నాయనలేం, ఒకే ఉద్యోగం నాలుగు షిఫ్టుల్లో చేస్తున్నాడు. ఏ మాత్రం రాకపోయినా మానాలనిపించని పని ఒక్కటుంటే దాన్ని యాప్ కంట పడనీయకండి. మరీన్‌తాల్ చెప్పిన ఇంకో సంగతి, ఇది ఉద్యోగం నడుస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటే, తీరిక దానంతటది ఏమీ తెచ్చిపెట్టదు.

ఆల్డ్రిన్ 1978లో తాగుడు మానేశాడు. ఆ తర్వాత ఆయన పట్టుకున్నది పాతదే. వ్యోమనౌకలు కక్ష్యలో ఒకదాన్నొకటి ఎలా కలుసుకోవాలన్నది 1963లో ఎంఐటీలో ఆయన డాక్టరేట్ అంశం. 1985లో భూమికీ అంగారకుడికీ మధ్య తిరుగుతూనే ఉండే నౌక ఏ దారిలో పోవాలో ప్రతిపాదించాడు. ఆ లెక్కలు ఆయనకు చంద్రుడి కంటే ముందూ ఇష్టమే, తర్వాతా ఇష్టమే.

ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే డిగ్రీలు, హోదాలు, అవార్డులే చెప్పాలి. చెప్పండి, అక్కడ వినేవాళ్లకు కావాల్సింది అదే. అది జీతం కోసం ఇచ్చే సమాధానం. ఉద్యోగం దొరకక టెన్షన్‌లో ఉన్న మనిషికి హోదాలు మాయ అని బోధించడం మాత్రం ఎవరికీ తగదు.