గడ్డం వెనక్కి సరే.. కుర్చీలోంచి లేచేదెప్పుడు?

ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు మన మెడ సరిచేయడానికి సిద్ధంగా ఉంటున్నారు. పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి, చెవి నుంచి భుజానికి గీసిన ఎర్ర గీత ఒకటి, 'మీ తల ముందుకు వచ్చేసింది, ఈ వ్యాయామాలు చేయకపోతే అంతే సంగతులు' అన్న హెచ్చరిక ఒకటి. చివర్లో వీపుకు కట్టుకునే బెల్టు కొనమని లింకు. వ్యాయామాలతో నాకు పేచీ లేదు. అవి పనిచేస్తాయి. పేచీ అంతా వాటి చుట్టూ అల్లిన కథతోనే. తప్పంతా మెడ ఉన్నవాడిదేనని తేల్చేసే కథ అది.

ఆ కథకు బలం ఇచ్చింది ఒక అంకె: 27 కిలోలు. నిటారుగా ఉన్నప్పుడు 5 కిలోలకు అటూ ఇటూగా ఉండే తల భారం, 60 డిగ్రీలు వంచేసరికి మెడ మీద 27 కిలోలుగా పడుతుందని 2014లో న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ లెక్కగట్టారు. కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క అది. ఫోన్ చూసుకుంటున్న మనిషి మెడను ఎవరూ కాటా వేసి తూచలేదు. అయినా ఆ అంకె వాట్సాప్ గ్రూపుల్లో పడి, 'మెడ మీద ఎనిమిదేళ్ల పిల్లాడిని మోస్తున్నారు' అనేదాకా వెళ్లింది. వంగిన కొద్దీ భారం పెరుగుతుందన్న మాట నిజమే. ఆ భారానికి మెడ విరిగిపోతుందన్నది మాత్రం మనం కలుపుకున్నది.

తర్వాత వచ్చిన పరిశోధనలు చూస్తే ఇంత భయం అక్కర్లేదనిపిస్తుంది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి 2019లో చేసిన సమీక్షలో, పెద్దవాళ్లలో ముందుకు వచ్చిన తలకూ మెడనొప్పికీ సంబంధం కనిపించింది. కౌమారంలో ఉన్న పిల్లల్లో కనిపించలేదు. బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల యువతను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఫోన్ చూసే తీరుకూ మెడనొప్పికీ ముడి పడలేదు. పెద్దవాళ్లలో కనిపించిన సంబంధంలో కూడా ఏది ముందో తేలదు. తల వంగడం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల తల అలా నిలిచిందా? వంగడం మెడకు పుట్టుకతో వచ్చిన పని. దాన్ని ఒకే కోణంలో గంటల తరబడి కట్టేసినప్పుడే గొడవ మొదలవుతుంది.

మరి వ్యాయామం దేనికి? మెడను గీత గీసినట్టు నిలబెట్టడానికి కాదు, పని చేసేంత బలం ఇవ్వడానికి. మెడ ముందు భాగంలో, అన్నవాహికకు వెనక, వెన్నుపూసలను అంటిపెట్టుకుని సన్నటి కండరాలుంటాయి. మెడనొప్పి దీర్ఘకాలం ఉన్న చాలామందిలో ఇవి మందగిస్తాయని, ఆ భారం పైనున్న పెద్ద కండరాలు మోస్తాయని ఆస్ట్రేలియాకు చెందిన ఫిజియోథెరపిస్ట్ గ్వెండలిన్ జల్, ఆమె సహచరులు చూపించారు. సాయంత్రానికి భుజాల పైన రాయిలా గట్టిపడేది ఆ పెద్ద కండరాలే.

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ పద్ధతితో బాగా ప్రచారమైన వ్యాయామం గడ్డం వెనక్కి లాగడం. కుర్చీలో కూర్చుని చూపు ఎదుటి గోడ మీద పెట్టాలి. తల పైకెత్తకుండా, కిందికి దించకుండా, డెస్కు సొరుగును లోపలికి నెట్టినట్టు గడ్డాన్ని నేరుగా వెనక్కి జరపాలి. చాలామంది ఇక్కడే తప్పు చేసి గడ్డాన్ని ఛాతీకి ఆనిస్తారు. అప్పుడది తల దించడం అవుతుంది, గడ్డం వెనక్కి జరగదు. గడ్డం కింద రెండో గడ్డం తేలి, ఫొటో తీయించుకోవడానికి సిగ్గుపడే ముఖం వచ్చిందంటే సరిగ్గా చేస్తున్నట్టు లెక్క. 5 సెకన్లు ఆపి వదిలేయాలి. 10 సార్లు చాలు.

ఇది కుదిరాక రెండోది పడుకుని చేయాలి. వెల్లకిలా పడుకుని, తల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, తల లేపకుండా 'ఊఁ' అన్నట్టు చాలా కొద్దిగా ఆడించాలి. ఆ సమయంలో రెండు వేళ్లు మెడ పక్కన, చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా తాడులా దిగే కండరం మీద ఉంచాలి. అది బిగుసుకుంటే బలవంతం చేస్తున్నట్టు. అది మెత్తగా ఉండగానే తల కదలాలి. చూడటానికి ఏమీ చేస్తున్నట్టుండదు, అందుకే వీడియోల్లో దీనికి పెద్దగా లైకులు రావు. బెల్టు కట్టుకుంటే భుజాలు వెనక్కి వస్తాయి, కానీ పని చేసేది బెల్టు, కండరం కాదు. మెడికల్ షాపులో కొని నెలల తరబడి వేసుకునే కాలర్‌దీ అదే దారి. సెలూన్‌లో మెడ టక్కుమని విరిపించుకోవడం మాత్రం దయచేసి మానండి. అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని అక్కడ చిరిగే ప్రమాదం ఉంది. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, నడకలో తూలు వచ్చినా, దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా వ్యాయామాలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బలం పెంచితే ఫలితం ఉంటుందనడానికి ఆధారాలు గట్టివే. ఫిన్లాండ్‌లో ఏళ్లుగా మెడనొప్పితో ఉన్న 180 మంది ఆఫీసు ఉద్యోగినులతో ఏడాది పాటు చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది. మెడ, భుజాల కండరాలకు బలం, ఓర్పు పెంచే శిక్షణ తీసుకున్నవాళ్లకు నొప్పి బాగా తగ్గింది. ఒట్టి స్ట్రెచింగు, నడకలాంటివి చేయమని సలహా పొందినవాళ్లకు అంత తగ్గలేదు. డెన్మార్క్‌లో 2011లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆశ కలిగిస్తుంది. మెడ, భుజాల నొప్పి తరచుగా వచ్చే 198 మందిలో కొందరు రబ్బరు ట్యూబు పట్టుకుని చేతులు పక్కలకు ఎత్తే వ్యాయామం రోజుకు 2 నిమిషాలు, ఇంకొందరు 12 నిమిషాలు చేశారు. వారానికి 5 రోజులు, 10 వారాలు. రెండు గుంపులకూ నొప్పి తగ్గింది. 2 నిమిషాలవాళ్లు పెద్దగా వెనకబడింది లేదు.

రోజుకు 2 నిమిషాలు! ఇంత చవకైన వైద్యం చేతిలో ఉండగా ఇంతమంది మెడ పట్టుకుని ఎందుకు తిరుగుతున్నారు? బద్ధకం అంటారు. నేను ఒప్పుకోను.

మాదాపూర్‌లోనో అమీర్‌పేటలోనో పీజీ హాస్టల్ గదిలోకి తొంగి చూడండి. మంచాలుంటాయి, టేబుల్ ఉండదు. దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని. ల్యాప్‌టాప్‌లో కీబోర్డు, తెర ఒకదానికొకటి అతికి ఉంటాయి కాబట్టి, చేతులకు సరిపడా పెడితే మెడ వంగుతుంది, కళ్లకు సరిపడా పెడితే భుజాలు లేస్తాయి. నాలుగు లావుపాటి పుస్తకాలు, విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్ ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ఆ కీబోర్డు ఎవరు కొనివ్వాలి? ఐరోపా దేశాలకు దీనికి జవాబు 1990లోనే ఉంది. తెర ముందు పనిచేసేవాళ్ల కోసం ఆ ఏడాది తెచ్చిన ఐరోపా ఆదేశం, కీబోర్డు తెర నుంచి విడిగా ఉండాలని, తెర వంచుకోవడానికి తిప్పుకోవడానికి వీలుండాలని చెప్పింది. పని మధ్యలో క్రమం తప్పకుండా విరామమో, వేరే పనో ఉండేలా చూసే బాధ్యత యజమానిదేనని కూడా రాసింది. దాన్ని అనుసరించి బ్రిటన్ 1992లో నిబంధనలు చేసింది.

మన షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టాల్లో పని గంటలుంటాయి, సెలవులుంటాయి. తెర ఎంత ఎత్తులో ఉండాలన్న ఊసే ఉండదు. పైగా మనం ఎటు వెళుతున్నామో చూడండి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు 9 గంటల పరిమితిని 10కి పెంచే సవరణలకు ఒప్పుకుంది. 5 గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామాన్ని 6 గంటల తర్వాతకు జరిపింది. 2025 జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది, వారానికి 48 గంటల పరిమితిని ఉంచింది, 6 గంటల పనికి కనీసం అరగంట విశ్రాంతి అంది. పెట్టుబడులు రావాలంటే ఈ సడలింపు తప్పదని ప్రభుత్వాల వాదన. కావచ్చు. కానీ 6 గంటలకు ఒకసారి లేచే మెడకు ఏ వ్యాయామం సరిపోతుందో ఆ ఉత్తర్వు రాసినవాళ్లే చెప్పాలి.

మధ్యలో లేవొద్దని ఎవరన్నారు, పని అయ్యాక రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసేది కంపెనీ కోసమా అని అడిగేవాళ్లున్నారు. రెండో సగం న్యాయమైన ప్రశ్న, ఫోన్ మన చేతిలోదే. మొదటి సగానికి మాత్రం కాల్ సెంటర్‌లో చేసినవాళ్లెవరైనా సమాధానం చెబుతారు. హెడ్‌సెట్ తీసి లేచిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు పోయాయో సిస్టమ్ రాసుకుంటుంది. ఇంటి నుంచి పనిచేసే వాళ్లకు కీబోర్డు ముట్టకపోతే చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క కాసేపటికి పసుపు రంగులోకి మారుతుంది. టీమ్ లీడ్‌కు అది కనిపిస్తుందన్న టెన్షన్‌తో కుర్చీకి అతుక్కుని ఉండేవాళ్లకు 'గంటకోసారి లేవండి' అన్న సలహా ఇవ్వడం తేలిక.

అసలు మెడనొప్పి మనకు ఫోన్‌తో వచ్చిందనుకోవడమే మధ్యతరగతి మతిమరుపు. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల వైపు ఇళ్ల అరుగుల మీద బీడీలు చేసే ఆడవాళ్లను చూడండి. కాళ్లు మడిచి కూర్చుంటారు, ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. కత్తెరతో ఆకు కోసి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కడతారు. చూపు చాటలోంచి బయటికి రాదు. పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా గడ్డం ఛాతీ మీదే. కూలి వెయ్యి బీడీల లెక్కన. అంటే లేచి మెడ తిప్పుకున్న ప్రతి నిమిషం కూలిలోంచి కోత. ఇక్కడ ఏ యాప్ నిఘా అక్కర్లేదు, ఆ నిఘా కూలి రేటులోనే ఉంది. ఫోన్ చూసేవాళ్ల మెడనొప్పికి పెట్టిన 'టెక్స్ట్ నెక్' లాంటి పేరు వీళ్ల మెడకు ఎవరూ పెట్టలేదు. తెలంగాణ ప్రభుత్వం ఆసరా కింద బీడీ కార్మికులకు పింఛను ఇచ్చింది, మంచిదే. వంగిన మెడ గురించి మాత్రం ఒక్క జీవో చూపించండి. గుంట మగ్గం మీద కూర్చునే పోచంపల్లి నేతగాడిదీ, చీర మీద మగ్గం వర్క్ చేసే కుర్రాడిదీ ఇదే బాధ. ఇన్ని దశాబ్దాల మెడనొప్పి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు వచ్చాక గానీ జబ్బు కాలేదు.

జబ్బు అయ్యాక కూడా అది మన వ్యక్తిగత లోపంగానే మిగిలింది, పని వల్ల వచ్చిన గాయంగా మారలేదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో ఫ్యాక్టరీ మేనేజర్ తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బులు 29 ఉండేవి. సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది, మోత వల్ల వచ్చే చెవుడు ఉండేది. మెడనొప్పి, నడుంనొప్పి ఉండేవి కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కండరాలు, ఎముకల సమస్యలకు విడిగా ఒక విభాగమే ఉంది. మన జాబితాలోనూ అలాంటి విభాగం పెట్టాలి. తెర ముందు పనికి గంటకు 5 నిమిషాల విరామం రాసివ్వాలి, ఆ 5 నిమిషాలు పనిగంటల్లో కలపాలి, సిస్టమ్ వాటిని ఖాళీ సమయంగా చూపకూడదు. బీడీ కూలి నిర్ణయించేటప్పుడు చాట దించి మెడ ఎత్తే సమయాన్నీ వెయ్యి బీడీల రేటులో లెక్కగట్టాలి. కనీస వేతనాల సవరణ ఎప్పుడు వచ్చినా కార్మిక సంఘాలు కూలి పెంపుతో పాటు ఈ మాటా బల్ల మీద పెట్టాలి.