లొడలొడకు కాలమ్ లేని జాబ్ కార్డు గారికి

గౌరవనీయులైన జాబ్ కార్డు గారి దివ్యసముఖమునకు,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక కారు ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, కారు తప్ప. అక్కడ తమరూ, తమరి మీద పడే రబ్బరు స్టాంపూ క్షేమమని తలుస్తాను.

కారు సర్వీస్ సెంటర్లో దిగగానే, దాని జబ్బేమిటో, చేయాల్సిన వైద్యమేమిటో రాసుకునే కాగితం తమరు. నెల రోజుల్లో మూడుసార్లు తమ దర్శనభాగ్యం కలిగింది. మూడుసార్లూ తమరి నుదుట ఒకటే రాత: ‘కస్టమర్ కంప్లైంట్: నాయిస్’.

నేను చెప్పింది అది కాదండీ. సర్వీస్ అడ్వైజర్ బాబు ట్యాబ్ పట్టుకుని "చెప్పండి సార్" అన్నాడు. అన్నాడు కదా అని చెప్పాను. "ఎడమవైపు ముందు చక్రం దగ్గర లొడలొడమంటోంది. మూత సరిగ్గా పడని స్టీలు క్యారేజీని సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్తుంటే వస్తుందే, అచ్చం ఆ చప్పుడు. స్పీడ్ బ్రేకరు ఎక్కితే రాదు. ఒక్క చక్రమే గతుకులో దిగితే వస్తుంది. అదీ నెమ్మదిగా పోతున్నప్పుడు." ఆ క్యారేజీ పోలిక మా ఆవిడది, నాది కాదు. ఆమె పక్క సీట్లో కూర్చుంటుంది, చప్పుడు ఆమె కాళ్ల కిందే. బాబు తలాడిస్తూ అంతా విన్నాడు, టకటకా కొట్టాడు, ప్రింటు తీశాడు. అంత వాంగ్మూలమూ మూడక్షరాలై వచ్చింది.

అయ్యా, చప్పుళ్ల దగ్గర మన భాషకు పెద్దలు ఏ లోటూ చేసి పోలేదు. స్టీరింగు మొత్తం తిప్పి మలుపు తీసుకుంటుంటే కటకటమంటే డ్రైవ్ షాఫ్టు జాయింటు పోయిందని. బ్రేకు తొక్కితే కీచుమంటే ప్యాడ్లు అరిగి, వాటికుండే చిన్న రేకు డిస్కును రాస్తోందని. స్పీడు పెరిగేకొద్దీ గుయ్యిమనడమూ పెరిగితే చక్రం బేరింగు. కిర్రు కిర్రుమంటే రబ్బరు బుష్షు ఎండిపోయింది. మెకానిక్కు ఫోన్లో వినిపించినా సగం రోగం చెప్పేస్తాడు. తమరి మెనూలో మాత్రం నాయిస్, వైబ్రేషన్, పుల్లింగ్, అదర్స్. నాలుగే. లొడలొడ ‘అదర్స్’లో కూడా పట్టదట, అక్కడ టైపు చేసే వీలు లేదట.

మొదటిసారి జవాబు: ‘టెస్ట్ డ్రైవ్ డన్. నాయిస్ నాట్ అబ్జర్వ్‌డ్.’ ఎక్కడ నడిపారని అడిగాను. గేటు దగ్గర స్పీడ్ బ్రేకరు దాటించి, కోల్‌కతా – చెన్నై హైవే మీద 80లో ఒక రౌండు కొట్టించారట. ఆ రోడ్డు మీద మా ఆవిడ క్యారేజీ కూడా కిక్కురుమనదు. పైపు కోసం తవ్వి, పూడ్చామనిపించిన గాడి మా సందు నిండా ఉంది, ఒక్కసారి రండి బాబూ అన్నాను. "అంత దూరం పర్మిషన్ లేదు సార్" అన్నాడు.

రెండోసారి తమరు కాస్త ఒళ్లు చేసి కనిపించారు. ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, వీల్ అలైన్‌మెంట్. మోకాలు నొప్పని పోతే జుట్టుకు రంగేసి, గోళ్లు తీసి, పన్నీరు చల్లి పంపినట్టు! మొత్తం 11,400. వాటిలో నేను అడిగింది ఒక్కటీ లేదు. నాలుగు కొట్టేయించాను. ఏసీది మాత్రం "వాసన వస్తుంది సార్, పిల్లలు తిరిగే కారు" అన్నాడు, అక్కడ మెత్తబడ్డాను.

ఆటోనగర్‌లో చూపించుకుంటానని పైకే అనుకున్నాను. బాబు ముఖం పెద్దాసుపత్రి డాక్టరు ముఖమైపోయింది. "బయట చెయ్యి పడితే వారంటీ పోతుంది సార్." ఈ బెదిరింపు వయసు నాకు తెలుసు. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని ఎవరూ తొక్కెయ్యకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు బయట అమ్మకుండా గుప్పిట పెట్టుకున్నారన్నది నేరం. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదని కూడా అందులోనే చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయనుకోండి, అది వేరే పురాణం. ఇదంతా చెబితే బాబు "కాఫీ తీసుకోండి సార్" అన్నాడు.

ఆ కాఫీ తాగే గదికీ లోపలి షెడ్డుకీ నడుమ నిలువెత్తు అద్దం. ‘కస్టమర్లకు ప్రవేశం లేదు’ అని బోర్డు. నా కారు లిఫ్టు మీద గాల్లో వేలాడుతోంది, కింద ఒక కుర్రాడు తమరిని చేత్తో పట్టుకుని చదువుతున్నాడు. తమరిలో ఏముందని చదవడానికి! చెప్పేవాడు ఇవతల, చేసేవాడు అవతల, నడుమ తమరు.

మూడోసారి సాయంత్రం ఏడు దాటింది. అడ్వైజర్లు వెళ్లిపోయారు. కారు బయటికి తెచ్చింది ఆ కుర్రాడే, నీలం చొక్కా, మోచేతుల దాకా గ్రీజు. తాళం ఇవ్వబోయి ఆగాడు.

"సార్, లొడలొడా, కటకటా?"

నెల రోజుల్లో నన్ను ఎవరైనా అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. నాకు గొంతు పట్టేసింది.

"లొడలొడ."

"స్పీడ్ బ్రేకరు మీద రాదు కదా?"

"రాదు. ఒక్క చక్రం దిగితేనే."

స్టీరింగు పక్కకు తిప్పించి, చక్రం వెనక చెయ్యి దూర్చి, జానెడు కడ్డీ ఒకటి పట్టుకుని ఊపాడు. లొడ. "స్టెబిలైజర్ లింకు సార్. బాల్ జాయింటు వదులైంది. రెండు చక్రాలూ కలిసి ఎక్కితే దీనికి పని పడదు, ఒకటే దిగితే పడుద్ది. ముందే చెప్పొచ్చు కదా సార్?"

ముందే చెప్పొచ్చు కదా అన్నాడండీ నన్ను.

మూడు రోజులకు లింకు వచ్చింది, వేశారు. తమరి మీద ‘నాయిస్ రెక్టిఫైడ్’ అని పడింది. తెల్లారి మార్కులు అడుగుతూ సర్వీస్ సెంటరు అమ్మాయి ఫోను: "పదికి పది ఇవ్వండి సార్, తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క." ఆ కుర్రాడికి పది వేయాలంటే ఎక్కడమ్మా అని అడిగాను. టెక్నీషియన్‌కి కాలమ్ లేదంది.

సెలవు.

ఇట్లు,
తమరి రికార్డుల్లో ‘కస్టమర్’

తా.క.: ఏసీ శుభ్రం చేసేటప్పుడు ఫిల్టరు కోసం గ్లవ్ బాక్సు ఊడదీసినట్టున్నారు. నిన్నటి నుంచి దాని వెనక ఎడమ మూల కిచకిచమంటోంది. పెట్టెలో పిచ్చుకను పెట్టి మూసినట్టుందని మా ఆవిడ అంటోంది. శనివారం వస్తున్నాం. ఈసారి ఈ మాటలే చీటీ మీద రాసి తమరికి గుండుసూదితో గుచ్చుతాను, నొప్పెడితే క్షమించాలి.